నడుముకు కట్టిన పెట్టె

నెబ్రాస్కాలో, మొక్కజొన్న తప్ప
మరేదీ నిటారుగా నిలబడని చోట,
ఇంటికీ ఇంటికీ నడుమ రెండు మైళ్ళు.
నేనిక్కడ కౌంటీ నర్సుని.
కారు దిగి నేనెంత నడుస్తానో మాత్రం అడక్కండి.

ఆ సోమవారం వొండ్రాచెక్ వాళ్ళింటికి
నాలుగు పెట్టెలు పట్టుకెళ్ళాను,
బూడిదరంగువి, అగ్గిపెట్టె కన్నా చిన్నవి.
ఏడు రోజులు నడుముకు కట్టుకోవాలి.
కదిలితే లెక్కపెడతాయి.
కూర్చుంటే, అదీ లెక్కపెడతాయి.

జొలీన్ నవ్వింది.
"పొలం మీద బతికేవాళ్ళం, మాకెందుకివి?
పట్నం పిల్లలకి కట్టు."
అంటూనే చేతిలో ఫోన్ని బల్ల మీద బోర్లించింది,
పొంగబోయే గిన్నె మీద మూత పెట్టినట్టు.

కోల్బీకి తొమ్మిదేళ్ళు.
సోఫా మూలన వాడి ఆకారానికి గుంట పడింది,
కుందేలు పడుకుని లేచిన గడ్డిలా.
కాకపోతే ఈ కుందేలు లేవలేదు.
హాయ్ చెప్పరా అంటే చెప్పాడు,
నాక్కాదు, తెరలో ఇంకెవరికో.
పద్నాలుగేళ్ళ బ్రిన్ మెట్ల మీద మెడ వంచుకుని
బావిలోకి తొంగిచూస్తున్నట్టు ఉంది,
ముఖమ్మీద నీలం నీళ్ళు కదులుతూ.

డ్వేన్ కోసం పొలానికి వెళ్ళాను.
ట్రాక్టర్ తనంతట తనే తిన్నగా పోతోంది,
దాని పగ్గం ఆకాశంలో ఏ ఉపగ్రహం చేతిలోనో ఉంది.
అద్దాల గదిలో డ్వేన్ కాళ్ళు బారజాపుకుని
ఎవరో ఎక్కడో చేపలు పట్టే వీడియో చూస్తున్నాడు.
వాళ్ళ ముత్తాత ఈ నేలలోనే
పొద్దస్తమానం గుర్రాల వెనక నడిచాడట.
"స్టీరింగ్ ముట్టుకోకూడదు," అన్నాడు డ్వేన్.
"వేలు పెడితే చాలు, చాలు వంకరపోతుంది."
ఆ మాట గర్వంగా అన్నాడో, సిగ్గుపడుతూ అన్నాడో
నాకిప్పటికీ తేలలేదు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు.
కరగడానికి ఇక్కడ కొండల్లేవు.
ఉన్నదల్లా కంకర రోడ్డు,
దాని మీద దుమ్ము రేపుకుంటూ ధాన్యం లారీలు.
సైకిలిచ్చి పంపడానికి ఏ తల్లికి ధైర్యం?
బడి బస్సు గేటు ముందే ఎక్కించుకుంటుంది,
గేటు ముందే దింపుతుంది.
కోల్బీ నేస్తం ఉండేది నాలుగు మైళ్ళ అవతల,
తెరలో అయితే చెవి పక్కనే.

వారం తిరిగింది. పెట్టెలు తెచ్చుకుని
వాళ్ళ వంటింటి బల్ల మీదే లెక్కలు తెరిచాను.
కోల్బీ: రోజుకి ముప్పై ఒక్క వేల అడుగులు.
రాత్రి రెండింటికి పరుగు.
మూడింటికి మళ్ళీ పరుగు.
నేను కళ్ళద్దాలు తుడుచుకున్నాను.
బల్ల కింద పెప్పర్, వాళ్ళ కుక్క,
మెడ పట్టీ దగ్గర గోక్కుంటోంది,
ఏదో తీసేసిన చోట గోక్కున్నట్టు.

"ఊరికే కూర్చుంటే పెట్టెకి బోరు కొడుతుందని..."
అన్నాడు కోల్బీ.
ఎవరూ తిట్టలేదు.
తిట్టాల్సిన జొలీన్ తన గీత చూసుకుంటోంది:
రోజుకి పదకొండు గంటలు, చచ్చిన పాములా,
ఎక్కడా తల ఎత్తదు.
పొలం ఇవ్వని ఇన్సూరెన్సు కోసం
ఎక్కడి ఆసుపత్రి బిల్లులో పడగ్గదిలో టైపు చేస్తుంది.
అలిసిపోయి ఫోన్లో వాలుతుంది.
అది బద్ధకమని నేనేం నోటితో అనను?

చాలాసేపటికి అడిగింది:
"రాత్రి రెండింటికి ఈ కుక్క ఎక్కడికి పోతోంది?"

ఎవరికీ తెలీదు.
కోల్బీ తల ఎత్తాడు.
వాడి కళ్ళు గోధుమరంగువని
నేనప్పుడే గమనించాను.

వాడూ తల్లీ బూట్లు తొడుక్కున్నారు.
పెప్పర్ ముందు, వాళ్ళు వెనక,
కోసిన మొక్కజొన్న మోళ్ళ మధ్య నించి వాగు వైపు.
బ్రిన్ రాలేదు, మెట్ల మీంచే ఫొటో తీసింది.
డ్వేన్ ట్రాక్టర్ అద్దంలోంచి చెయ్యూపాడు,
ట్రాక్టర్ మాత్రం ఆగలేదు.

ఎంత దూరం పోయారో నేను చెప్పలేను.
పెట్టెలు నాలుగూ నా సంచిలో ఉన్నాయి.
కార్లో కూర్చుని
ఒళ్ళో తెర వెలిగించుకుని రిపోర్టు రాశాను:
కుక్క ఆరోగ్యంగా ఉంది.